కే.వి.కుప్పంలో బస్సు దిగిపోయే జబ్బు

మొదటిరోజు నేను దాన్ని గంజి అనుకున్నాను.

మాది గుడియాత్తం, లుంగీలు నేసే ఇల్లు. పడుగుకు మేం ఇప్పటికీ వీధిలోనే గంజి పెడతాం. తెల్లవారకముందే వీధి ఈ చివరినుంచి ఆ చివరిదాకా నూలు పోగులన్నీ సాగదీసి కడతారు. మా ఆయన, మా మరిది గంజి పట్టించి కుంచెతో దువ్వుకుంటూ పోతారు. ఆ దువ్వుడికి అక్కడక్కడా పోగులు తెగుతాయి. తెగిన కొసలు వెతికి, తడి వేళ్లతో మెలిపెట్టి అతకడం నా పని. ఎండ పైకొచ్చి గంజి ఆరేలోపు అంతా అయిపోవాలి. ఆరాక వేసిన అతుకు నిలవదు. లుంగీలో అక్కడ సన్నని సందు పడుతుంది, కొన్నవాడు మమ్మల్ని తలుచుకుంటాడు.

అతుకు వేయడంలో నాకు వీధిలో కొంచెం పేరుంది. ఈ చివర వాళ్లు, ఆ చివర వాళ్లు, మధ్యలో వాళ్లు మాత్రమే ఒప్పుకుంటారు.

ఆ ఏడు ధనుర్మాసంలో, మా వైపు మాటలో మార్గళిలో, మంచు బాగా దిగింది. పని ముగించి చేతులు కడుక్కుంటే కుడిచేతి మూడు వేళ్ల కొసలు తెల్లగా ఉన్నాయి. గంజి పోలేదనుకుని కొబ్బరి పీచుతో రుద్దాను. ఇంకా తెల్లబడ్డాయి. బీకాం చదివినదాన్ని కాబట్టి సబ్బు వేసి, చల్లటి నీళ్లతో మళ్లీ రుద్దాను. రుద్దుతున్న సంగతి వేళ్లకు తెలియడం లేదు. కాసేపటికి అవి నీలంగా, ఆ తర్వాత ఎర్రగా మారి మంటెత్తాయి.

మా అత్త చూసి నవ్వింది. "వేలూరు జిల్లాలో కుళిరు జబ్బా? యాడన్నా చెప్పేవు, నవ్వుతారు. గమ్మునుండు."

ఆమె చెప్పిందీ నిజమే. మా జిల్లాలో చలి జబ్బు తెచ్చుకోవాలంటే కొంత ప్రతిభ కావాలి.

కానీ పొద్దున పొద్దున్నే వేళ్లు చచ్చుబడితే పోగు కొస ఎక్కడుందో చేతికి తెలియదు. ఒక కొస పట్టుకుంటే ఇంకొకటి జారిపోయేది. అంతవరకు పోగు తెగితే మా అత్త వీధి చివరినుంచి "గోమతీ, రా!" అని కేకేసేది. ఒకరోజు ఆ కేక మారింది. "కలా, నువ్వు రామ్మా!"

కల నా తోడికోడలు. మంచి పిల్ల. ఆమె వేసే అతుకులతో బర్రెను కట్టేయొచ్చు.

ఆరోజు మధ్యాహ్నం మా ఆయనతో, "ఆసుపత్రికి పోదాం" అన్నాను. జబ్బుకు భయపడి అనలేదు. ఆ కేకకు భయపడి అన్నాను.

మర్నాడు పొద్దున్నే వేలూరు బస్సెక్కాం. ఎక్కేటప్పుడు వేళ్లు సున్నం కొట్టినట్టున్నాయి. ఎండ కిటికీలోంచి ఒళ్లో పడింది. దారి మధ్యలో కే.వి.కుప్పం వచ్చేసరికి వేళ్లు లక్షణంగా ఎర్రబడి కూర్చున్నాయి. ఇక వేలూరులో నేను చూపించడానికి ఏమీ మిగల్లేదు.

డాక్టరమ్మ చిత్తూరు వైపు ఆవిడ. నా చేతులు తిప్పి తిప్పి చూశారు. "ఏమ్మా, రెండూ బాగానే ఉండాయే?"

"ఇంట్లో తెల్లగా ఉండె మేడమ్."

"ఇప్పుడు యాడికి పోయినాది?"

"కే.వి.కుప్పంలో బస్సు దిగిపోయినాది."

ఆవిడ నవ్వి, "ఈసారి దిగేలోపల ఫోన్లో ఫోటో తియ్యి" అన్నారు.

ఫోటోలు మా ఆయన తీశారు. మొదటి దాంట్లో ఆయన బొటనవేలు వచ్చింది. రెండోదాంట్లో మా అత్త వచ్చింది. మూడోదాంట్లో నా వేళ్లు. మళ్లీ వేలూరు పోయి చూపిస్తే, డాక్టరమ్మ దాన్ని పెద్దది చేసి చూసి, "ఇది గంజి కాదు కదా?" అన్నారు.

"ఆ టెస్టు నేను ముందే చేసినాను మేడమ్, కొబ్బరి పీచుతో."

దాని పేరు రేనాడ్స్ ఫినామినన్ అని చెప్పారు. చలికి వేళ్ల చివరి రక్తనాళాలు అవసరానికి మించి బిగుసుకుపోతాయట. తడిచేతులకు గాలి తగిలితే మరీ. ఒక్కోసారి దీని వెనక స్క్లెరోడెర్మా లాంటి పెద్ద జబ్బు ఉండొచ్చు కాబట్టి సీబీసీ, ఈఎస్ఆర్, ఏఎన్ఏ అనే రక్తపరీక్షలు రాశారు. గోళ్ల మొదట్లో నూనెచుక్క వేసి లెన్సుతో చూసే కాపిలరోస్కోపీ కూడా చేశారు. "ఆ పెద్ద జబ్బు పేరు ఫోన్లో వెతకొద్దు" అని చెప్పి పంపారు. బస్టాండు చేరేలోపే వెతికాను. చర్మం గట్టిపడి వేళ్లు ముడుచుకుపోతాయని రాసి ఉంది. తిరుగు ప్రయాణంలో నేను ఒక్క జోకూ వేయలేదు. మా ఆయన భయపడిపోయి కిటికీ పక్క సీటు నాకిచ్చారు.

ఏఎన్ఏ నెగెటివ్ వచ్చింది. "ప్రైమరీ రేనాడ్సే. వెనక ఏమీ కనిపించలేదు" అన్నారు డాక్టరమ్మ. "వేరే పని ఏమన్నా ఉండాదా?"

"బీకాం చదివినాను మేడమ్, కాబట్టి లేదు."

నిఫెడిపిన్ మాత్ర రాశారు. వేళ్లకు రక్తం వచ్చింది, ముఖానికి ఇంకా ఎక్కువ వచ్చింది. పెళ్లిచూపుల్లో కూడా నేనంత సిగ్గుపడలేదు. తలనొప్పి భరించలేక మాత్ర మానేశాను. రెండు వారాలకు ఉంగరం వేలి కొసన చిన్న పుండు లేచింది. చూడ్డానికి మిరపగింజంత. రాత్రి నిద్రపోనివ్వనంత.

"తలనొప్పి వస్తే నాతో చెప్పాల. మాత్రను నువ్వే పనిలోనుంచి తీసేస్తే ఎట్లమ్మా?" అని డాక్టరమ్మ కోప్పడి, డోసు తగ్గించి, నిదానంగా పనిచేసే రకం రాశారు. పుండు మానేదాకా గంజి తడి తగలకూడదన్నారు. "వేళ్లొక్కటే కాదు, ముందు ఒంటిని వెచ్చగా పెట్టుకో. ఒళ్లు చల్లబడితే వేళ్లకు రక్తం రాదు."

మిగిలిన చలికాలమంతా స్వెట్టరు, మంకీక్యాపు, సాక్సులతో అరుగు మీద కూర్చుని కల అతుకులు చూశాను. పుండుకంటే అదే ఎక్కువ నొప్పి.

పుండు మాని, మళ్లీ చలి మొదలయ్యాక ఊలు గ్లవుజులు వేసుకుని చూశాను. పోగులు అతకలేదు, గ్లవుజులు అతుక్కున్నాయి. సాయంత్రానికి అవి ఎండి, ఎవరికో నమస్కారం పెడుతున్నట్టు గోడమీద నిలబడ్డాయి. రబ్బరు గ్లవుజుల్లో పోగు తగిలిన సంగతే తెలియలేదు. అతుక్కి చర్మమే కావాలి.

ఆ నమస్కారం చూశాకనేమో, మా అత్త మనసు మారింది. మా ఆయన చేత లుంగీ గుడ్డతో నా నడుముకు కట్టుకునే పెద్ద జేబు కుట్టించింది. అందులో వెచ్చజేసిన ఉప్పు మూట పెట్టింది. డాక్టరమ్మకు చెబితే, "మంచిదే, కానీ చచ్చుబడిన వేళ్లకు వేడి తెలీదు, కాలిపోతాయి. ఇంకొకరు చూసి పెట్టాల" అన్నారు. అప్పటినుంచి మా అత్త పొద్దున్నే ఆ మూటను తన చెంపకు ఆనించుకుని చూసి, "ఊఁ, సరి" అన్నాకే నా జేబులో వేస్తుంది. కుళిరు జబ్బని నవ్వింది ఈవిడేనా అని నేను అడగలేదు. అడగనందుకు నాకే ఆశ్చర్యంగా ఉంది.

రెండు పోగులు అతకడం, భుజమ్మీది తుండుతో చేతులు పొడిగా తుడుచుకోవడం, జేబులో పెట్టడం, మళ్లీ రెండు పోగులు. చూసేవాళ్లకు నేను ఎవరికో చిల్లర వెతుకుతున్నట్టు ఉంటుంది.

మొన్న మార్గళిలో కుంచె దువ్వుడికి ఒకేచోట గుత్తిగా పోగులు తెగాయి. తూర్పున వెలుగొచ్చేస్తోంది. కల అప్పటికే అక్కడ ఉంది. అయినా మా అత్త వీధంతా వినబడేలా కేకేసింది.

"గోమతీ! యాడుండావు? రా!"

జేబులోంచి చేతులు తీసి వెళ్లాను. ఎండ పడేసరికి చివరి అతుకు కూడా అయిపోయింది. కల పక్కన నిలబడి, "అక్కా, నాకూ నేర్పించు" అంది. ఆలోచించి చెబుతానన్నాను. సాయంత్రం నుంచే నేర్పుతున్నాను.

ఇది చదివే మీలో పాలు పితికేవాళ్లు, పూలు కోసేవాళ్లు, వేకువనే తడిలో చేతులు పెట్టేవాళ్లు ఉంటే ఒక్కమాట. వేళ్లు తెల్లబడినా నీలమైనా రుద్దకండి. ముందు ఫోటో తీసి, తర్వాత వెచ్చజేసుకోండి. ఆసుపత్రికి చేరేలోపు జబ్బు మధ్యలో దిగిపోవచ్చు, ఫోటో మాత్రం చివరిదాకా వస్తుంది.

నేను ఇప్పటికీ తీయిస్తుంటాను. ఈ పొద్దున తీసినదాంట్లో వేళ్లు మామూలు రంగులోనే ఉన్నాయి, డాక్టరమ్మకు చూపించడానికేమీ లేదు. అయినా దాచుకున్నాను. ఆ వేళ్ల మధ్య పోగులో ఒక అతుకుంది. ఎంత పెద్దది చేసి చూసినా కనిపించదు.