ఆగ్ అన్నాడో, ఆగే అన్నాడో

ఆ రోజుల్లో మనిషికి ఒక నౌకరి దొరికితే చాలు, నడుము ఎటు పోయినా ఫరవాలేదనుకునేవాళ్ళం. ఇప్పుడు నౌకరీ లేదు, నడుమూ లేదు. ఎవరైనా కారెక్కించుకుంటే వెనక ఓ మూలకు చేరగిలబడి కళ్ళు మూసుకుంటాను. ‘తాతా, ఈ మీట నొక్కి చూడు, అద్దం దిగుతది’ అని మనవడు సరదా పడతాడు. నాయనా, నేను నొక్కవలసిన మీటలన్నీ ఇరవై రెండో ఏటనే నొక్కేశాను, నన్ను వదిలెయ్యి అంటాను.

అరవైల తొలినాళ్ళ మాట. జహీరాబాద్‌లో అల్లం వ్యాపారం చేసే ఒక షావుకారు దగ్గర డ్రైవరుగా చేరాను. హైదరాబాదులో ఎవరో నవాబుగారు సామాను అమ్మేస్తున్నారని తెలిసి, ఆయన వెళ్ళి ఒక పాత అమెరికా కారు కొనుక్కొచ్చాడు. స్టీరింగు ఎడమ పక్క. కిటికీ అద్దాలు చేత్తో తిప్పే పని లేదు, మీట నొక్కితే కరెంటుతో ఎక్కేవి, దిగేవి. సీటూ అంతే, కూర్చున్నచోటే ముందుకూ వెనక్కీ జరిగేది. ఈ మీటలన్నింటినీ ఆ తయారుచేసిన మహానుభావుడు డ్రైవరు తలుపుకే, మోచేతి కిందనే వరసగా బిగించాడు. కిటికీలకు నాలుగు, సీటుకు ఒకటి. ఐదూ ఒక్క తల్లి పిల్లలే, ఒక్కదాని మీదా అక్షరం ముక్క లేదు. చూడకుండా తడుముకుని నొక్కాలి. చూసి నొక్కుదామంటే ఎదురుగా గొర్రెల మంద.

అంతకన్నా పెద్ద చిక్కు ఇంకోటుంది. ముందు సీటు ఈ తలుపు నుంచి ఆ తలుపు దాకా ఒకటే బల్ల. మీట నొక్కితే నడిపేవాడూ, పక్కన కూర్చున్నవాడూ కలిసి జరగవలసిందే. నేను ఐదడుగులకు అంగుళం తక్కువ (చెప్పులతో కలిపి ఐదని చెప్పుకునేవాడిని). షావుకారు ఆరడుగులు, పొట్ట అదనం. వెనక కూర్చోమంటే వినడు. ‘ఎనక కూసుంటే బజార్ల ఎవనికి కనవడ్తరా?’ అనేవాడు. ఆయన మోకాళ్ళకు సరిపోయేలా సీటు వెనక్కి పోయేది. నేను బల్ల అంచు మీద వేలాడుతూ, వీపు వెనక మడత పెట్టిన గోనెసంచి ఆనించుకుని, బొటనవేళ్ళతో క్లచ్చి తొక్కేవాడిని. రాయికోడ్ దాకా పోయి వస్తే చాలు, మంచం మీద బోర్లా పడేవాడిని. ‘షావుకారీ, సీటు జర ముందటికి జరపనా?’ అంటే, ‘జర ఓర్సుకోరాదు, వయసు పిల్లగానివి’ అనేవాడు. ఆర్నెల్లు ఓర్చుకున్నాను.

కారు అప్పగించడానికి వచ్చిన నవాబుగారి పాత డ్రైవరు రెండు రోజులుండి, ‘ఆగే, పీఛే, ఊపర్, నీచే’ (ముందుకు, వెనక్కి, పైకి, కిందికి) అంటూ ఆ మీటల సంగతి ఉర్దూలో నేర్పి పోయాడు. అప్పటినుంచీ ఆ కారులో అద్దాలకూ సీటుకూ ఉర్దూలోనే ఆజ్ఞలు. షావుకారు ఇంట్లో తెలుగు, బీదర్ చుట్టాలతో కన్నడం మాట్లాడేవాడు గానీ, ‘ఈ మోటరుకు మన మాట తెల్వది’ అని గట్టిగా నమ్మాడు. నేనూ నమ్మాను.

నడుము నొప్పికి మందు కోసం కోహీర్ దవాఖానకు పోతుండేవాడిని. అక్కడి కాంపౌండరుకు సద్ది తెచ్చే కూతురిని చూశాక నొప్పి తగ్గకపోయినా పోతూనే ఉన్నాను. ఆఖరుకు పెద్దల ద్వారా అడిగించాను. కాంపౌండరు ఒకటే మాట అన్నాడట. ‘పిల్లగాడు మంచోడే. మరి నౌకరి పక్కానా, కచ్చానా? షావుకారి నోటితోని పక్కా అని చెప్తెనే పిల్లనిస్త.’ నాదా కచ్చా నౌకరి, చూద్దాం చూద్దాం అని నడుస్తున్నది. షావుకారి కాళ్ళావేళ్ళా పడితే, ‘సరే తియ్, ఆదివారం వచ్చి చెప్త’ అన్నాడు.

ఆదివారం ఉతికిన బట్టలు వేసుకుని బయలుదేరాను. కోహీర్‌లో కాంపౌండరు ఇంటి సందులోకి తిరిగామో లేదో, ఎదురుగా ఎడ్లబండి దుమ్ము లేపుకుంటూ వచ్చింది. ‘ఊపర్, ఊపర్! దుమ్ము!’ అని షావుకారు తన కిటికీ చూపించాడు. కాంపౌండరు గుమ్మం మీద కళ్ళు పెట్టి, చేత్తో తడిమి నొక్కాను. అద్దం కదల్లేదు. సీటు ముందుకు జరిగింది. అయ్యో, వేరే మీట అని చెయ్యి తీశాను. అంతలో పక్కనుంచి సన్నగా వినిపించింది. ‘ఆగ్... ఆగ్...’

ఆయన ఆగమన్నాడు. నాకు ‘ఆగే, ఆగే’ అని వినిపించింది. ఆ కారులో సీటు కదిలేటప్పుడు తెలుగు మాట వస్తుందని ఎవడనుకుంటాడు? ఇంకా ముందుకు, ఇంకా ముందుకు అంటున్నాడనుకున్నాను. ఆర్నెల్ల నా నడుము మీద ఆయనకు ఇవాళ్టికి జాలి కలిగింది, పెండ్లికొడుకువి, హాయిగా కూర్చోరా అంటున్నాడు అనుకున్నాను. నిజం చెబుతున్నాను, నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. పాదాలు రెండూ మొదటిసారి పూర్తిగా ఆనాయి. ‘మీరు దేవుడు షావుకారీ’ అంటూ మీట ఇంకా గట్టిగా నొక్కి పట్టాను. ‘ఆగ్’ అనే మాట కూడా ఆగిపోయింది. సీటు కింద టప్పుమని ఏదో చప్పుడైంది. తిరిగి చూద్దును కదా, ఆరడుగుల మనిషి మోకాళ్ళు గడ్డానికి ఆనించుకుని, పొట్ట డ్యాష్‌బోర్డుకు అతుక్కుని ఉన్నాడు.

‘పీఛే! పీఛే!’ అని నేనే అరుచుకుంటూ మీట నొక్కాను. కదిలితేనా! కాంపౌండరు పరుగెత్తుకొచ్చాడు. నలుగురు కలిసి ఆయనను తలుపులోంచి బయటికి గుంజారు. పెండ్లిచూపుల కోసం వేసిన కుర్చీలో కూర్చోబెట్టి, కాంపౌండరు ఆయన మోకాళ్ళకు మందు రాస్తూ, ఏ ఘడియలో తోచిందో గానీ, ‘షావుకారీ, మరి మా పిల్లగాని నౌకరి?’ అన్నాడు. తలుపు చాటున గాజుల చప్పుడు ఆగింది.

‘నౌకరా!’ అన్నాడు షావుకారు. ‘నన్ను ఆగం చేసిండు గదనయ్యా! ఇయ్యాల్టితోని బంద్! ఇంకో డ్రైవర్ను పిలువున్రి, ఇంటికి పోత.’

కాంపౌండరు బామ్మర్ది లారీ డ్రైవరు, తాడిచెట్టంత మనిషి. వచ్చి కారులో ఒక కాలు పెట్టాడు, రెండోది పట్టలేదు. రెండోది పెడితే మొదటిది బయటికొచ్చింది. స్టీరింగు కిందికి పొట్ట దూర్చి, ఊపిరాడక దిగాడు. ‘ఏ పిల్లగాడో నడపాలె గాని, మనిషన్నోడు నడపలేడు ఇది’ అన్నాడు. అందరూ నా వైపు చూశారు. నేను తల వంచుకుని వెళ్ళి కూర్చున్నాను. కొలత తీసి కుట్టించినట్టుంది.

షావుకారు చాలాసేపు నన్నూ కారునూ చూశాడు. చివరికి కాంపౌండరుతో విసుగ్గా అన్నాడు. ‘ఆ సీటు ఎనక్కి పోయేదాంక వీని నౌకరి పక్కా. రాసుకో.’ తలుపు చాటున ఎవరో కిసుక్కుమన్నారు. ఆ ఎవరో ఇప్పుడు లోపల కూర్చుని, ఇదంతా ఎందుకు రాస్తున్నావని నన్ను తిడుతున్నది.

పెండ్లయిన నెలకు కారు ఊడుస్తుంటే సీటు కింద ఒక తీగ ఊడి వేలాడుతూ కనిపించింది. చుట్టి బిగిస్తే సీటు మళ్ళీ నడుస్తుందని చూడగానే తెలిసింది. చాలాసేపు చూసి, మీద పట్టా పరిచేశాను. తొమ్మిదేళ్ళు అట్లాగే నడిపాను. షావుకారు వెనక సీటులోనే తిరిగాడు. అద్దంలో ఆయన ముఖం కనబడినప్పుడల్లా, ఉప్పు తిని ద్రోహం చేస్తున్నానని లోపల కుమిలిపోయేవాడిని.

కారును తుక్కువాడికి ఇచ్చేరోజు షావుకారు మెల్లగా దగ్గరికొచ్చి, ‘సీటు కింది తీగ ఇగనన్న కలుపురా, కొనేటోడు సతాయిస్తడు’ అన్నాడు. ‘మీకెట్ల తెలుసు షావుకారీ?’ అన్నాను.

‘నీ పెండ్లికి ముందే సూసిన. ముందట కూసోని బజారంత దండాలు పెట్టుకుంట పోతుంటె చేతులు గుంజుతుండె. ఎనక కాళ్ళు సాపుకుని పంటె ఎంత నిమ్మళమో! ఎనక కూసుంట అని నా నోటితోని నేనెట్ల చెప్త?’

తొమ్మిదేళ్ళు! ఒకే కారులో, ఒకే తీగ మీద, ఇద్దరం ఒకరికి తెలియకుండా ఒకరం కాళ్ళు జాపుకున్నాం. అద్దంలోకి చూసి బెదిరిపోయే ఆ పొట్టి డ్రైవరు ఇప్పటికీ అప్పుడప్పుడు గుర్తొస్తాడు. వెర్రివాడా, ఆయన నిద్రపోతున్నాడు, నువ్వూ కాస్త తేలిగ్గా ఊపిరి పీల్చుకో అని వాడికి చెప్పాలనిపిస్తుంది.