లక్ష్మివారం సూది

2025 మార్గశిరంలో ఒక మనిషి సంసారం బరంపురంలోని మా మందుల షాపు ఫ్రిజ్‌లో ఉండేది. నాలుగు డిగ్రీల దగ్గర, ఇన్సులిన్ పెట్టెల పక్కన.

నేను ఫార్మసిస్టుని. డాక్టరు రాసిన చీటీ చదవగలగడం మా చదువులో సగం. చదివింది బయటికి అనకపోవడం మిగతా సగం.

మా వీధి మగవాళ్ళకు ఒక పద్ధతి ఉంది. అసలు కావలసింది అడిగేముందు గ్యాస్ మాత్రలు కొంటారు. కౌంటరు ఖాళీ అయ్యేదాకా ఆ అట్ట మీది అక్షరాలు చదువుతూ నిలబడతారు. భీమారావు గారు ఒక రోజు అట్ట మొత్తం చదివేశారు.

ఆయన పప్పుల హోల్‌సేల్ వ్యాపారి. అంతకు ముందు ఏడాది దాకా పేరుకు పూర్తి న్యాయం చేసిన మనిషి. షుగర్ డాక్టరు సెమాగ్లుటైడ్ రాశారు. వారానికొకసారి పొట్టకు వేసుకునే ఇంజెక్షను అది; కలంలా ఉంటుంది కనుక పెన్ అంటాం. ఆకలి తగ్గిస్తుంది, తిన్నది కడుపులోంచి నిదానంగా కదిలేలా చేస్తుంది. ఆరు నెలల్లో పద్దెనిమిది కిలోలు తగ్గారు. పొద్దున్నే నడవడం వల్ల తగ్గానని బజారులో చెప్పుకున్నారు. ఆ మాట ఇంటిదాకా వెళ్ళేసరికి అక్కడా అదే ఖాయం చేశారు. అందుకని పెన్ మా ఫ్రిజ్‌లో. మంచిరోజని లక్ష్మివారం, అంటే గురువారం ఎంచుకుని, పొద్దున్నే వచ్చి మా వెనక గదిలో పొడుచుకునేవారు. నేనూ సరే అన్నాను. అది నా తప్పు.

“తమ్ముడూ, ఆ మాత్ర ఒకటియ్యి.”

“ఏ మాత్ర అన్నయ్యా?”

“సదువుకున్నోడివి. నాసేత సెప్పించకు.”

“ఒళ్ళు మాట వినట్లేదా, మనసుకే వద్దనిపిస్తోందా?”

ఆయన అట్ట వెనక్కి తిప్పారు. “మనసుకే. మూణ్ణెల్లయింది. అన్నం సూస్తే ఎలాగుందో, మంచం సూసినా అలాగే ఉంది.”

ఆ మాత్ర రక్తం పారడానికి సాయపడుతుందే గాని కోరికను తెచ్చిపెట్టదు. పైగా చీటీ లేకుండా ఇవ్వకూడదు. ఈ ఇంజెక్షను వేసుకునేవాళ్ళలో కొందరు కోరిక తగ్గిందని చెబుతుంటారు. అది మందు వల్లనా, తిండి మరీ తగ్గడం వల్లనా, ఇంకేదైనానా అన్నది డాక్టరు తేల్చాలి. ఆ మాటే చెప్పి, డాక్టరుకూ వదినకూ చెప్పమన్నాను.

“డాక్టరు దగ్గర సిగ్గు. దానికైతే సచ్చినా సెప్పను. నడిసి తగ్గాననుకుంటంది.”

గ్యాస్ మాత్రలు మాత్రం తీసుకెళ్ళారు.

ఆ తర్వాత వచ్చిన లక్ష్మివారం మధ్యాహ్నం ఆయన భార్య సుశీల వచ్చింది. గ్యాస్ మాత్రలు కొనలేదు. ఆడవాళ్ళకు అంత తీరిక ఉండదు.

“తమ్ముడూ, ఆవిడెవరు?”

“ఎవరు వదినా?”

“మీ అన్నయ్యకి తగులుకున్నది. కొత్త సొక్కాలు కొంటన్నాడు. అన్నం కెలికి లేస్తన్నాడు. గోడకేసి తిరిగి పడుకుంటన్నాడు. సరే, వయసనుకున్నాను. మాణబసా పెసాదం గూడా రెండు లక్ష్మివారాలు ముట్టనేదు!”

మార్గశిర లక్ష్మివారాల్లో మా వైపు ఒడియా ఇళ్ళల్లోనూ తెలుగు ఇళ్ళల్లోనూ ధాన్యం కొలిచే మాణలో లక్ష్మిని నిలిపి పూజిస్తారు. ఆ రోజు పాయసమూ, కొబ్బరి కూరిన మండాపిఠా ఇంటివాళ్ళే తినాలి. బయటివాళ్ళకు పెట్టరు. కాబట్టి తిననివాడు బయటివాడు. ఆవిడ ఆలోచనలో ఎక్కడా తప్పు లేదు. పొద్దున్న ఇంజెక్షను, మధ్యాహ్నానికి వికారం అన్న సంగతి ఒక్కటే ఆవిడకు తెలియదు.

“ఆఖరి లక్ష్మివారం దాకా సూస్తాను. అప్పటికీ తినకపోతే పురుషోత్తంపూర్‌లో మా అన్నయ్య ఇంటికి ఎల్లిపోతాను. పెట్టె సర్దేసాను. ఈ మాట నువ్వే సెప్పు ఆయనకి. నేను సెప్తే గోడ వింటాది.”

ఆవిడ అడుగుతున్న ‘ఆవిడ’ నాకు రెండు బారల వెనక చల్లగా ఉంది. ఫ్రిజ్ తలుపు తీసి చూపిస్తే నిమిషంలో పని అయిపోయేది. కానీ చీటీలోది భార్యకైనా చెప్పే హక్కు నాకు లేదు.

“వదినా, ఆడమనిషి సంగతైతే నాకేమీ తెలీదు. మిగతాది ఆయన నోటితోనే చెప్పిస్తాను.”

“సెప్పించలేకపోతే?”

“చెప్పిస్తాను.”

మరునాడే భీమారావు గారిని పిలిపించాను. ఐస్ ప్యాక్ పెట్టిన డబ్బా కౌంటరు మీద ఉంచాను.

“ఇదేటి?”

“మీ పెన్. మా ఫ్రిజ్‌లో ఇక చోటు లేదు.”

“ఇన్సులిన్ డబ్బాలకి సోటుంది, నాకు నేదా?”

“అవి వాడేవాళ్ళ ఇళ్ళల్లో తెలుసు.”

“ఇంట్లో పెడితే అది సూసేస్తాది గదా!”

“చూడాలనే. వదిన పెట్టె సర్దేసింది అన్నయ్యా. మీరు ఎవరితోనో తిరుగుతున్నారట.”

ఆయన వంగి తన పొట్ట వైపు చూసుకున్నారు. అపవాదు మొదట కాస్త నచ్చినట్టే కనిపించింది. పెట్టె సంగతి ఆ తర్వాత తలకెక్కింది.

“నాకు అన్నానికే ఓపిక నేదు, ఇంకో మనిషా!”

“ఆ ముక్కే ఇంట్లో చెప్పండి.”

“నడక, నడక అని బజారంతా సెప్పుకున్నాను...”

“నడవండి. నిజమైపోతుంది. ఐస్ గంటన్నరకు మించి ఆగదు. ఆలోచించుకోడానికీ అంతే టైము.”

నిజానికి తెరిచిన పెన్ బయట కూడా కొన్నాళ్ళు పాడవకుండా ఉంటుంది. ఆ సంగతి ఆ రోజు చెప్పలేదు. డబ్బా చంకన పెట్టుకుని గబగబా వెళ్ళారు. ఆరు నెలల్లో ఆయన నడవడం నేను చూసింది అదే మొదటిసారి.

మూడో రోజు ఇద్దరూ డాక్టరు దగ్గర్నుంచి నేరుగా మా షాపుకు వచ్చారు. డాక్టరు రక్తపరీక్షలు రాసి, రోజుకి ఎంత తింటున్నారో విని కోప్పడి, డోసు ఒక మెట్టు దించారట. వారం మార్చింది మాత్రం సుశీల.

“డాక్టరు సరే అన్నాడు. ఇకనుంచి ఆదివారం పొడుచుకుంటాడు. లక్ష్మివారం నా ఇంట్లో తింటాడు.” భర్త వైపు తిరిగింది. “పొట్టలో సూది గుచ్చుకోడానికి బయం నేదు గాని, పెళ్ళాంతో మాటాడ్డానికి బయం!”

భీమారావు గారు గ్యాస్ మాత్రల అట్ట కోసం వెతికారు. నేను ఇవ్వలేదు.

ఆఖరి లక్ష్మివారం మధ్యాహ్నం సుశీల స్టీలు గిన్నె పట్టుకుని వచ్చింది. నేనూ మనిషినే, చేతులు తుడుచుకున్నాను.

“పెసాదం మా ఇంటోళ్ళకే తమ్ముడూ. నీకు గిన్నె సూపిద్దామని తెచ్చాను.”

ఖాళీగా ఉంది. నాకినట్టుంది.

మిగతా సంగతి నేను అడగలేదు. ఫిబ్రవరిలో ఒకసారి భీమారావు గారు వచ్చి గ్యాస్ మాత్రలు కొని, కౌంటరు ఖాళీ అయ్యేదాకా ఆగకుండా వెళ్ళిపోయారు. నాకు అది చాలు.

పెన్‌తో వచ్చే కాగితంలో వికారం, వాంతులు చిన్న అక్షరాల్లో ఉంటాయి. మంచం సంగతి నేనే నోటితో చెబుతున్నాను: తేడా కనిపిస్తే దాచకండి, డాక్టరుకు చెప్పండి అని. ఆ తర్వాత ఇంట్లో తెలుసా అని అడుగుతాను. తెలియదంటే మందు ఇస్తాను. ఫ్రిజ్‌లో చోటు మాత్రం ఇవ్వను.