లీటరు నూనె, కిలో నీళ్లు

తూకం తక్కువొస్తే కొలిచిన మనిషిని దొంగ అనేస్తారు మీరు. నిన్న ప్రొద్దుటూరు అంగట్లో చూశాను. లీటరు నూనె ప్యాకెట్టు కిలో తూగలేదని కౌంటరు దగ్గరి పిల్లను నోటికొచ్చినట్టు తిట్టారు. ప్యాకెట్టు మీద 910 గ్రాములని ఉంది. చదవరు.

శేర్లు పోయి లీటర్లు వచ్చిన కొత్తలో జమ్మలమడుగులో మా అవ్వ శనక్కాయల నూనె అమ్మేది. ఆ తగరపు కొలత డబ్బాలు గుర్తున్నాయా? కొలిచాక అంచున మిగిలిన బొట్టును అవ్వ నా నెత్తికి రాసేది.

ఒకరోజు బడి అయ్యవారు లీటరు నూనె కొని, తూకం వేయించి, వీధిలో అరిచాడు.

"కిలో లేదు! దొంగ కొలత పెడ్తాండావా అవ్వా?"

ఆ మాట నిలబడితే రేపటినుంచి అవ్వ దగ్గర ఎవరూ కొనరు. అవ్వ అదే డబ్బాను అంగడి త్రాసులో పెట్టించింది. డబ్బా బరువు తీసేసి నీళ్లు తూస్తే సరిగ్గా కిలో. నూనె తూస్తే తక్కువ.

"నూనె నీళ్ల మీద తేల్తాది గదా అయ్యవారూ! తేలికని నీకెవురూ చెప్పల్యా? పిల్లోళ్లకు ఏం చెప్తాండావప్పా?"

వీధంతా నవ్వింది. ఆయన మాత్రం తప్పయిందని అనలేదు.

అందుకే అడుగుతున్నాను:
ప్యాకెట్టు మీద గ్రాములు పెద్దక్షరాల్లో వేయండి.
బడిలో త్రాసు పెట్టి పిల్లలతో నీళ్లూ నూనే తూయించండి.
ఆ అంగడి పిల్లకు తప్పయిందని చెప్పండి. ఈరోజే.