పస్లీ చల్ రహీ హై

మేం ఇనుప గనుల ఊరు కిరండూల్ వచ్చి అప్పటికి ఏడాది కాలేదు. నా హిందీ కూరల బేరానికి మించి ఎదగలేదు. ప్రథమ చికిత్స శిక్షణ పూర్తిచేశానన్న గొప్ప మాత్రం బోలెడుండేది. సంతరోజు ఒక మూల బల్ల వేసుకుని, మందుల పెట్టె పెట్టుకుని కూర్చునేదాన్ని.

ఒక మధ్యాహ్నం ఓ తల్లి ఏడాది పిల్లను ఎత్తుకుని పరుగున వచ్చింది. "దీదీ, పస్లీ చల్ రహీ హై" అంది. పస్లీ అంటే ఏమిటో నాకు తెలియదు. 'చల్ రహీ హై' మాత్రం తెలుసు. అక్కడ ఎవరిని పలకరించినా ఆ మాటే, ఏదో నడిచిపోతోంది అని. పస్లీ అంటే ఊపిరేమో, అది బాగానే నడుస్తోంది కాబోలనుకుని, పిల్లను బల్లమీద పడుకోబెట్టి చూద్దామని చేతులు చాపాను. తల్లి ఇవ్వలేదు. నాకు ఒళ్లు మండింది. నేర్చుకున్నది నేనా, నువ్వా అని కసిరాను.

ఆమె పిల్ల గౌను పైకెత్తి, నా చెయ్యి లాగి పక్కటెముకల మీద ఆనించింది. ఊపిరి పీల్చినప్పుడల్లా నా వేళ్ల కింద చర్మం లోపలికి గుంజుకుపోతోంది. మా అమ్మ దీన్నే డొక్కలెగరేయడం అనేది. పస్లీ అంటే ఈ డొక్కే. ఆ తల్లి మొదటి మాటలోనే చెప్పింది, నాకే అర్థం కాలేదు. సిగ్గేసింది, అంతకంటే భయమేసింది.

ఏడిపించొద్దు, పడుకోబెట్టొద్దు, తల్లి ఒళ్లోనే నిటారుగా ఉంచమని శిక్షణలో చెప్పింది అప్పుడు గుర్తొచ్చింది. ఆమె చేస్తున్నదీ అదే. పెదవులు చూశాను, అంచులు అప్పుడే నీలం తిరుగుతున్నాయి. గడియారం పట్టుకుని నిమిషంపాటు ఊపిరి లెక్కపెడితే అరవై దాటింది. అటుగా పోతున్న జీపును కేకేసి ఆపాను. డ్రైవరు మా శ్రీకాకుళం వైపువాడే. "బేగెక్కండమ్మా!" అన్నాడు. దారంతా ఆ చిన్ని పొట్ట మీంచి కళ్లు తిప్పలేదు. ఆస్పత్రిలో ఆక్సిజన్ పెట్టి, పిల్ల గులాబీరంగుకు తిరిగాక బయటికొచ్చి మెట్లమీద కూలబడ్డాను.

కొన్ని వారాలకు ఆ తల్లి మళ్లీ నా బల్ల దగ్గరికొచ్చింది. నేనడక్కుండానే నా చెయ్యి తీసుకుని పిల్ల డొక్కమీద ఆనించింది. ఊపిరి నెమ్మదిగా, మెత్తగా కదులుతోంది.

"అబ్ పస్లీ నహీ చల్తీ, దీదీ" అంటూ పిల్లను కిందికి దించింది. "అబ్ యే చల్తీ హై."

ఇప్పుడు డొక్కలు కాదు, పిల్లే నడుస్తోందట! ఈసారి ప్రతి మాటా అర్థమైంది. ఆ ఎర్రదుమ్ములో తప్పటడుగులు వేస్తూ వచ్చి, పిల్ల నా చీర కుచ్చిళ్లు పట్టుకుంది. సంతలో అందరి ముందూ ఏడ్చేశాను.