ముగ్గు గోడల ఇల్లు

నా చిన్నప్పుడు మా ఇంట్లో పలక ఒకటే ఉండేది. అది మా అన్నది. వాడు బడి నుంచి రాగానే దాన్ని గూట్లో పెట్టి ఆడుకోవడానికి పోయేవాడు. నేను తమ్ముణ్ణి చంకనేసుకుని ఆ గూడు కిందే తిరిగేదాన్ని. పలక ముట్టుకోవద్దని నన్నెవరూ అనలేదు. ముట్టుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు, అంతే. తమ్ముడు నడవడం నేర్చేసరికి గేదెలు నా వంతుకు వచ్చాయి. గేదెల తరువాత పెళ్లి, పెళ్లి తరువాత మిరపచేలు, పిల్లలు. వేలిముద్ర వేయమన్న చోటల్లా వేస్తూ వచ్చాను.

మోకాళ్లు పట్టేసి చేనికి పోవడం మానుకున్నాక మా కోడలు నాకు అక్షరాలు నేర్పింది. ఆమె వరండాలో కుట్టుమిషను వేసుకుని మా వీధి ఆడవాళ్లకు జాకెట్లు కుడుతుంది. కత్తిరించే ముందు గుడ్డ మీద గీతలు గీయడానికి సుద్దబిళ్ల ఒకటి ఉంటుంది. ఆ బిళ్లతో, మిగిలిన గుడ్డముక్కల మీద నా చేత దిద్దించింది. తప్పు రాస్తే గుడ్డ దులిపి మళ్లీ ఇచ్చేది. అట్లా నేర్చుకున్న అక్షరాలతోనే ఇది రాస్తున్నాను.

ఇప్పుడే రాయడానికి ఒక కారణం ఉంది. మా అబ్బాయి ఇల్లు మార్పించాలనుకుంటున్నాడు. నరసరావుపేటలో ఒక ఇంజనీరు చేత గీయించిన బొమ్మ నిన్న ఫోన్‌లో చూపించాడు. వరండా మూసేసి హాలు చేస్తారు. ఖాళీగా పడి ఉన్న గొడ్ల చావిడి తీసేసి అక్కడ పడకగది, దానికి బాత్‌రూము వేస్తారు. వాకిట్లో టైల్సు పరిచి ఉయ్యాల పెడతారు. చూడడానికి చాలా బాగుంది. మా కోడలు కూడా బాగుందనే అంది. అని, ఫోను తిరిగి ఇచ్చేసి, పోయి మిషను ముందు కూర్చుంది. కుట్టలేదు, ఊరికే కూర్చుంది. అప్పుడు నాకు మా నాయనమ్మ గుర్తొచ్చింది.

మా పుట్టింటి ఊరు రొంపిచెర్లకు దగ్గర. ఇల్లంటే ముందు పంచ, లోపల ఒక గది, దాని వెనక వంటిల్లు. వంటింటికి వెనక తలుపు ఉండేది. అది తీస్తే దొడ్డి. కట్టెలు, నీళ్ల తొట్టి, గేదె, దూడ, పాలు కాగే దాలి, అన్నీ అక్కడే. మా అమ్మ రోజంతా ఆ తలుపులోంచి లోపలికీ బయటికీ తిరుగుతూ ఉండేది. ఎన్నిసార్లు తిరుగుతుందో ఎవరూ చూడలేదు. ఆమె కూడా చూసుకుని ఉండదు.

ఆ ఏడు మా బాబాయికి పెళ్లి కుదిరింది. కొత్త కోడలికి గది కావాలి. మా నాన్న బాగా ఆలోచించి, వంటింటి వెనక గోడకు ఆనించి, ఆ గోడ పొడుగునా ఒక గది కట్టించాలని నిర్ణయించాడు. అట్లాగైతే ఒక గోడ కలిసి వస్తుంది. కొత్త గదికి తలుపు పక్క సందులోకి పెడతారు. వంటింటి తలుపు ఆ గదిలోకి తెరుచుకోవడం బాగుండదు కాబట్టి దాన్ని మూసేస్తారు. లెక్కంతా సరిగ్గానే ఉంది. మా అమ్మను అడిగారో లేదో నాకు తెలియదు. అడిగినా బాగుందనే చెప్పి ఉండేది.

తాపీ మేస్త్రి వచ్చి, తాడు కట్టి, దొడ్లో కొత్త గదికి ముగ్గు పోశాడు. పునాది తవ్వడానికి ముందు గోడలు ఎక్కడెక్కడ వస్తాయో ముగ్గుపిండితో గీసుకోవడం అందరూ చేసేదే. నాపరాళ్ల బండి ఎల్లుండికి గాని రాదని, వచ్చాక మొదలుపెడతానని చెప్పి వెళ్లిపోయాడు. తెల్లవారి మా నాయనమ్మ ఆ గీతల చుట్టూ తిరిగి చూసి, మా నాన్నను పిలిచింది.

"ఒరేయ్ అబ్బాయ్, ఇయ్యాల ఒక్క పొద్దు ఈ ఇంట్లో కాపురం చేసి చూద్దాం. ముగ్గు చెరిపితే పోయిద్ది. గోడ లేచినాక పోదు గదా."

మా నాన్న నవ్వి, ముసలమ్మ సరదా పడుతోంది కానీయమన్నాడు. నాయనమ్మ వంటింటి వెనక తలుపుకు అడ్డంగా జొన్నల గంప ఈడ్చి పెట్టించింది. ఇవాళ అది తలుపు కాదు, గోడ అని చెప్పింది. దొడ్లో ముగ్గు గీతలు కూడా గోడలే. మేస్త్రి సందు వైపు వదిలిన ఖాళీ ఒక్కటే తలుపు. ఎవరి పని వాళ్లు చేసుకోవాలి, గోడలు మాత్రం దాటకూడదు.

మాకు అది పండగలా ఉంది. నేను తమ్ముణ్ణి ఎత్తుకుని ఆ లేని గదిలోకి పోవడం, రావడం. ఒకసారి మరిచిపోయి గీత దాటాను. నాయనమ్మ నన్ను ఆపి, గోడలోంచి దూరావంటూ వెనక్కి పంపింది. చుట్టూ తిరిగి తలుపులోంచి వచ్చాను. పక్కింటి అత్తయ్య నిప్పుల కోసం వచ్చి, అలవాటు కొద్దీ అడ్డంగా నడిచింది. ఆమెనూ వదల్లేదు. అత్తయ్య నోరు నొక్కుకుని, "ఏంది పిన్నమ్మా, మనిషికి మతి పోతే ఇంట్లో ఉంచుకోవాలి గాని మా మీద పెడతావా" అంది. అంటూనే వెనక్కి పోయి సందులోంచి వచ్చింది.

గేదెకు మాత్రం ఎవరూ చెప్పలేకపోయారు. అది గోడలన్నీ తొక్కుకుంటూ వచ్చి కొత్త కోడలి గది మధ్యలో పడుకుంది. అత్తయ్య మా బాబాయిని పిలిచి, నీ పెళ్లాం అప్పుడే కాపురానికొచ్చిందయ్యా, నల్లగా ఉన్నా ఒళ్లు బాగుంది అంది. బాబాయి మూడు ముళ్లు పడేదాకా అత్తయ్యకు కనబడకుండా తిరిగాడు.

నాయనమ్మ తప్పు కూడా ఒకటి ఆ రోజే బయటపడింది. కొత్త గది నీడన తన మంచం వేసుకుంటానని ఆమె ముందే చోటు చెప్పి ఉంచింది. మధ్యాహ్నం అక్కడ మంచం వేయించుకుని పడుకుంది. కాసేపటికి ఎండ మొహం మీదికి వచ్చింది. లేని గదికి నీడ ఎక్కడిదని బాబాయి అన్నాడు. గది ఉన్నా ఈ వేళకు సూర్యుడు ఇటే ఉంటాడని నాయనమ్మే చెప్పి, మంచం పంచలోకి మార్పించుకుంది. ఆ చోటు సంగతి మళ్లీ ఎత్తలేదు.

మా అమ్మ ఆట ఆడలేదు. ఆమె పని చేసుకుంటోంది. కట్టెలు కావాలంటే వంటింట్లోంచి లోపలి గదిలోకి, గదిలోంచి పంచలోకి, పంచ దిగి సందు వెంట దొడ్లోకి. మళ్లీ అదే దారిన వెనక్కి. నీళ్లకు అంతే, కుడితికి అంతే. పొద్దున బాగానే తిరిగింది. మధ్యాహ్నానికి రెండు పనులు కలిపి చేయడం మొదలుపెట్టింది. మా నాన్న అప్పుడు చేలో ఉన్నాడు. అన్నానికి వచ్చినా, కంచం ముందుకు వచ్చిన అన్నం ఏ దారిన వచ్చిందో ఎవరు చూస్తారు?

ఎండ తగ్గాక నాయనమ్మ నన్ను పిలిచి, వీధి చివర ఇద్దరు పెద్దవాళ్ల ఇళ్లకు పంపింది. పెళ్లి సంగతులు మాట్లాడాలి, పొద్దుగూకే లోపల మా పంచలోకి రమ్మని చెప్పమంది. నేను పోయి చెప్పి వచ్చాను. వాళ్లు ఇంకో ఇద్దరిని వెంటబెట్టుకుని వచ్చారు. మా నాన్న చేను నుంచి వచ్చేసరికి పంచ నిండుగా ఉంది. ఆయన కాళ్లు కడుక్కుని వాళ్ల మధ్య కూర్చున్నాడు. మేళం ఎవరిది, బండ్లు ఎన్ని కట్టాలి అని మాటలు సాగాయి.

అప్పుడు పాలు పితికే వేళ అయింది. మా రోజుల్లో పెద్దవాళ్లు పంచలో కూర్చుని ఉంటే ఇంటి కోడలు వాళ్ల ముందు నుంచి నడిచిపోయేది కాదు. ఎవరూ నేర్పనక్కరలేదు, అందరి ఇళ్లల్లో అంతే. మామూలుగా అయితే మా అమ్మకు ఆ అవసరం ఉండేది కాదు, వెనక తలుపు ఉండేది. ఆ రోజు పాలచెంబు పట్టుకుని గది గుమ్మం దాకా వచ్చి, తలుపు చాటున ఆగింది. నేను ఆమె పక్కనే ఉన్నాను. మాటలు అయిపోతే పోదామని చూస్తోంది. అవి అయిపోయే మాటలు కావు.

దొడ్లో దూడ అరవడం మొదలుపెట్టింది. దానికి గేదె బదులు పలికింది. ఇంకాసేపటికి రెండూ కలిసి అరుస్తున్నాయి. పంచలో ఒక పెద్దాయన, ఏందయ్యా మీ గొడ్డుకు మేత వేయలేదా అని అడిగాడు. మా నాన్నకు చిన్నతనం అనిపించింది. కూర్చున్న చోటి నుంచే లోపలికి ఒక కేక వేశాడు. మా అమ్మ బదులు చెప్పలేదు. చెప్తే గొంతు బయటికి వినపడుతుంది. ఆయన లేచి విసురుగా లోపలికి వచ్చాడు. గుమ్మం దాటగానే, తలుపు చాటున చెంబుతో మా అమ్మ.

"ఈడేం చేత్తన్నావు?"

మా అమ్మ చెంబు వైపు చూసింది. పంచ మూల మంచం మీద పడుకుని ఉన్న మా నాయనమ్మ అటు తిరగకుండానే చెప్పింది.

"ఎటు పోయిద్దిరా? ఎనక తలుపు నువ్వే మూయించావు. ముందు నలుగురు కూకున్నారు." మళ్లీ తనే అంది. "ఇయ్యాలంటే గంప. లాగేత్తే పోయిద్ది. రేపు గోడ పెట్టినాక ఎవరు లాగుతారు?"

పంచలో కూర్చున్నవాళ్లంతా ఇటు తిరిగారు.  మా నాన్న వంటింట్లోకి పోయి జొన్నల గంపను తనే పక్కకు లాగాడు. మా అమ్మ వెనక తలుపు తీసుకుని, ముగ్గు గోడల మీదుగా, కొత్త కోడలి గదికి అడ్డంగా నడిచి దూడ దగ్గరికి పోయింది. కాసేపటికి అరుపులు తగ్గాయి. చెంబులో పాల ధార చప్పుడు పంచలోకి వినపడింది.

మర్నాడు నాపరాళ్ల బండితో మేస్త్రి వచ్చాడు. మా నాన్న గదిని పక్కకు జరపమన్నాడు. వంటింటి తలుపు నుంచి దొడ్లోకి ఒక నడవ వదలమన్నాడు. ఎంత వెడల్పు అని మేస్త్రి అడిగాడు.  మా నాన్న అమ్మను పిలిచి, నీళ్ల బిందె చంకన పెట్టుకుని నడవమన్నాడు. ఆమె తల వంచుకుని నడిచింది. మేస్త్రి ఆమెకు అటూ ఇటూ ముగ్గు పోస్తూ వెంట నడిచాడు. చివరి దాకా పోయి ఆమె ఆగింది. కుడితి బకెట్టు కూడా పట్టాలి అని నెమ్మదిగా అంది. పరాయి మగవాడి ముందు మా అమ్మ గొంతు నేను విన్నది అప్పుడే. మేస్త్రి ఒక గీత చెరిపి, కొంచెం జరిపి మళ్లీ పోశాడు.

గది ఆ మేరకు చిన్నదయింది. బాబాయి కొన్నాళ్లు సణిగాడు. మిగిలిన నాపరాళ్లు ఆ నడవలో పరిచారు, పైన తాటాకు కప్పారు. రెండు గోడల మధ్య గాలి ఆడేది. తరువాత తరువాత ఇంట్లో అందరూ చేరే చోటు అదే అయింది. మా అమ్మా, కొత్తగా వచ్చిన పిన్నీ అక్కడే ఎదురెదురుగా కూర్చుని మిరపకాయలకు తొడిమలు తీసేవాళ్లు. చూసినవాళ్లు భలే చోటు పెట్టించావయ్యా అంటే, మా నాన్న ముందే అనుకుని వదిలించానని చెప్పేవాడు. మా నాయనమ్మ ఒక్కసారి కూడా కాదనలేదు.

ఆ సాయంత్రం పెద్దవాళ్లు ఊరికే రాలేదని, పిలిచింది నా నోటితోనే అని నాకు చాలా ఏళ్ల తరువాత గాని తట్టలేదు. మా నాయనమ్మ తలుచుకుంటే కొడుకుతో ఒక్క మాట చెప్పగలదు. చెప్తే ఆయన వినేవాడేమో, ఆడవాళ్ల గొడవలే అని కొట్టిపారేసేవాడేమో. ఆమె చెప్పలేదు. మా అమ్మను చెప్పమనీ అనలేదు. చెప్పలేని మనిషి ఎక్కడ ఆగిపోతుందో ఆయన కళ్లతో ఆయన చూసేదాకా కాచుకుంది. బాగుంది అన్న మాట విన్నప్పుడల్లా, ఆ మాట అన్న మనిషి తరువాత ఎక్కడికి పోయి కూర్చుందో చూడడం నాకు అప్పటి నుంచి అలవాటు.

నిన్న మా అబ్బాయి చూపించిన బొమ్మలో సోఫాకు చోటుంది. టీవీకి ఉంది, చెప్పులు పెట్టుకునే బీరువాకు కూడా ఉంది. కుట్టుమిషను ఏదిరా అని అడిగాను. వెనక గదిలో వేసుకోవచ్చులే అమ్మా అన్నాడు. వాడి మాటలో చెడ్డతనం ఏమీ లేదు. వెనక గదిలో పగలు కూడా లైటు వేస్తేనే కనపడుతుంది, అంతే. అందులో కూర్చుని నల్ల గుడ్డ మీద నల్ల దారంతో కుట్టాల్సింది వాడు కాదు.

ఈరోజు పొద్దున్నే వాకిలి ఊడ్చి, ముగ్గు డబ్బా తీసుకుని ఆ బొమ్మలో ఉన్నట్టే ఇల్లంతా వాకిట్లో గీశాను. మోకాళ్ల మూలంగా చాలాసేపు పట్టింది. ఒక్కో గదిలో దాని పేరు ముగ్గుతో రాశాను. హాలు. పడకగది. వంటిల్లు. అన్నీ రాశాక కోడల్ని పిలిచి, స్టూలు తెచ్చుకోమన్నాను. ఇందులో నీకు వెలుతురు ఎక్కడ పడుతుందో అక్కడ వేసుకుని కూర్చోమన్నాను. ఎందుకత్తయ్యా అంది గాని, తెచ్చుకుంది. అటూ ఇటూ చూసి హాలులో తూర్పు కిటికీ వచ్చే చోటు పక్కన కూర్చుంది. నేను ఆమె చుట్టూ ముగ్గు పోశాను. కాళ్లు చాపుకోవడానికి, గుడ్డ పరుచుకోవడానికి కొంచెం ఎక్కువే పోసి, మిషను అని రాశాను. ఆమె ఆ మాట చదివి, సుద్దబిళ్ల కన్నా ముగ్గుతోనే నీ రాత బాగుందత్తయ్యా అంది.

మా అబ్బాయి నోట్లో బ్రష్షు పెట్టుకుని బయటికి వచ్చాడు. ఇదంతా ఏందమ్మా అంటూ మా వైపు అడ్డంగా అడుగు వేయబోయాడు.

"ఆగరా, గోడుంది. తలుపులోంచి రా" అన్నాను.