నేనే పెట్టిన క్లాస్ లీడర్

కరీంనగర్‌ల ఇరవై ఏండ్ల సంది రాజనీతి శాస్త్రం చెప్తున్న. పీహెచ్‌డీ గూడ పంచాయతీ ఎన్నికల మీదనే. పోయిన వారం ప్రిన్సిపాల్ చార్జి తీసుకోంగనే ఫస్టియర్‌కు రమేశ్‌ను లీడర్‌గా పెట్టిన.

ఇయ్యాల క్లాసుల లక్సెట్టిపేట పిల్ల స్వప్న లేచి, "ఎన్నిక లేకుండ లీడర్ ఎట్లయిండు సార్?" అనడిగింది. అప్పటికప్పుడు చీటీల మీద ఓట్లేపిచ్చిన. స్వప్న గెలిచింది. రమేశ్‌కు ఒక్క ఓటు గూడ పడలే!

"ఏందిరా, నీ ఓటన్న నువ్వు ఏసుకోలేదా?" అన్న.

"రహస్య ఓటు సార్. గట్ల అడగొద్దు," అన్నడు.

క్లాసంత ఒక్కటే నవ్వు. నేను గూడ నవ్విన, ఏం జేస్త!

పాఠం పిల్లలకు మంచిగనే ఎక్కింది, ప్రిన్సిపాల్‌కే జర లేటయింది. శిష్యుల చేతుల గిట్ల ఓడిపోయిన సార్లు ఇంకెవరన్న ఉన్నరా, నేనొక్కన్నేనా?