సుభద్రమ్మ గారు బస్సెక్కిన వారం

మా వీధికి ఇవాళ తారు వేస్తున్నారు. కాగే తారు వాసన కిటికీలోంచి వచ్చి గదంతా నిండింది. నా వయసులో వాసనలు మనిషిని ఉన్నచోట ఉండనివ్వవు. బలిఘట్టం నుంచి నర్సీపట్నం వచ్చే రోడ్డు ఎర్రమట్టిగా ఉన్న రోజులకు, దాని మీద రోజూ బడికి నడిచిన సుభద్రమ్మ గారి దగ్గరకు వెళ్ళిపోయాను.

పంతొమ్మిదివందల ఇరవైల మాట. నర్సీపట్నంలో ఆడపిల్లల బడికి ఆవిడ పెద్ద పంతులమ్మ. చిన్నతనంలోనే భర్త పోయాడు. చదువే ఆసరాగా నిలబడిన మనిషి. నేను పంతొమ్మిదేళ్ళ కొత్త పంతులమ్మను. ఇద్దరిదీ బలిఘట్టమే. అప్పట్లో గుమాస్తాలు నడిచే కచేరీకి వెళ్ళేవారు. ఒకరిద్దరికి సైకిళ్ళుండేవి. మా ఊరి నుంచి ఉద్యోగానికి వెళ్ళే ఆడవాళ్ళం మేమిద్దరమే కనుక, మేమెలా వెళ్తే బాగుంటుందో ఎవరికీ తెలియదు. నలుగురి నోళ్ళకు భయపడి మా అన్నయ్య మొదటిరోజు నన్ను గూడుబండి ఎక్కించి, తెర దించి పంపాడు. ఊరు దాటకముందే బండి ఆగింది. తెర తీసి చూస్తే ఎదురుగా సుభద్రమ్మ గారు, ఆవిడ వెనక పలకలు పట్టుకున్న తొమ్మిదిమంది ఆడపిల్లలు.

“దిగమ్మా,” అన్నారు.

“అన్నయ్య ఊరుకోడండీ.”

“మీ అన్నయ్యకి నేను సెప్తాను. మనం నడవడం సూసే ఈళ్ళ నాన్నలు ఈళ్ళని గడప దాటనిస్తన్నారు. పంతులమ్మే తెర సాటున కూకుంటే ఈళ్ళకేటి సెప్తాం?”

సిగ్గుతో చచ్చిపోతూ దిగాను. వారం తిరిగేసరికి ఆ సిగ్గు ఎటు పోయిందో తెలియదు. దారంతా ఎక్కాలు, పద్యాలు. అందరికన్నా ముందు నడిచేది గౌరి. చెరకు రైతు అప్పలనాయుడి కూతురు. పదమూడో ఎక్కం దాకా తడుముకోకుండా చెప్పేది. దాన్ని టీచరు ట్రైనింగుకు పంపాలని సుభద్రమ్మ గారి ఆశ.

మరో రెండేళ్ళకు మా దారిన మోటారు బస్సు తిరగసాగింది. అప్పటికి ఆవిడ మోకాలు వాచి, అడుగు తీసి అడుగు వేయడం కష్టంగా ఉండేది. చూడలేక నేనే పోరు పెట్టాను. “పిల్లలకు దారి తెలుసు కదండీ, వాళ్ళే వస్తారు,” అన్నాను. ఆవిడ చివరికి ఒప్పుకున్నారు. ఒక వారం ఇద్దరం బస్సులో వెళ్ళాం. నడిస్తే ముప్పావుగంట పట్టే దారి, కూర్చుని ఊపిరి పీల్చుకునేలోగా అయిపోయేది. నాకెంత హాయిగా ఉండేదో!

శనివారం నాటికి తొమ్మిదిమందిలో ముగ్గురే మిగిలారు. ఆ సాయంత్రమే ఇద్దరం అప్పలనాయుడి ఇంటికి వెళ్ళాం.

“మీరు మోటారెక్కీసినారు కదండీ అమ్మగారూ,” అన్నాడతను. మాటలో కోపం లేదు. “తోడు లేకండా పిల్లనెలా అంపుతాం? నాతవరంలో సంబంధం ఉందని మా అక్క అంటే ఒప్పీసుకున్నాం. నిన్ననే ముహూర్తం ఎట్టీసినారు.”

సుభద్రమ్మ గారు గంటసేపు బతిమాలారు. అతను చేతులు జోడించి నిలబడ్డాడే కాని మాట మార్చలేదు. గౌరి తలుపు వెనకే నిలబడి ఉంది. బయటికి రాలేదు.

తిరిగి వస్తూ నేను ఏడ్చేశాను. “నా వల్లేనండీ. నేనే మిమ్మల్ని ఎక్కించాను.”

“ఎక్కినవి నా కాళ్ళే కదమ్మా,” అన్నారు. నా మీద ఎన్నడూ ఒక్క నింద వేయలేదు.

సోమవారం నుంచి చేతికర్ర పట్టుకుని మళ్ళీ నడిచారు. ఇల్లిల్లూ ఆగి పిలిచారు. మిగతా అయిదుగురూ ఒక్కొక్కరే తిరిగి వచ్చారు. గౌరి రాలేదు. ఆవిడ మంచం పట్టాక ఆ పిల్లల వెంట నేనొక్కదాన్నే నడిచాను, ఆ బడి వదిలేదాకా.

బస్సు చెడ్డదని నేనెప్పుడూ అనలేదు. ఇప్పుడు మా మనవరాళ్ళు కాలేజీకి బస్సులోనే వెళ్తున్నారు, వాళ్ళకు ఎవరి తోడూ అక్కర్లేదు. నాకు మాత్రం వడిగా నడవడం ఇప్పటికీ రాదు. సుభద్రమ్మ గారు వరసలో అందరికన్నా చిన్నపిల్ల అడుగును బట్టి తన అడుగు వేసేవారు. ఒంటరిగా వెళ్తున్నా నా కాళ్ళు ఆ అడుగే వేస్తాయి.